ఐదు గ్లాసుల చీటీ

పాలమూరు సెషన్స్ కోర్టు, రెండో అంతస్తు,
ఫ్యాను తిరిగితే కాగితాలు లేచే గది.
నేను టైపు కొట్టే మనిషిని.
నలుగురు సచ్చిన కేసుకు
నా వేళ్లు మూడేండ్లు పనిచేసినయి.

జడ్చర్ల అవతల, హైవే మీది బార్ల
కల్లుల కలిపే తెల్లపొడి లెక్క తేలలేదు.
కిలోకెంత, ఎవని డిపోకెంత,
ముందుగాల ఎవడు ఎవన్ని ముంచిండు.
బిర్యానీ సల్లారకముందే నాటు తుపాకి తీసిండ్రు.

పొడి సంగతి తెలిసినోడు ఒక్కడే సచ్చిండు.
మిగతా ముగ్గురిల
వడ్డె తిమ్మప్ప బోరుబండి మీద కూలి,
ఆ దినమే జీతమందింది.
ఖాజా నిమ్మకాయ ముక్క అడుగుదామని లేచిండు.
పర్వతాలు చేతులు కడుక్కుంటుండె.
కుడిచేతి మీద సబ్బు నురగ ఎండి ఉన్నదని
పంచనామాల రాసిండ్రు.
ఆ ముక్క రెండుసార్లు కొట్టిన,
తప్పు పోయి కాదు.

సాక్షులు వచ్చిండ్రు, ఒక్కొక్కరే.
మేనేజరు ఆ రాత్రి మన్యంకొండ జాతరల ఉన్నడట.
వెయిటరుకు కరెంటు పోయి ఏం కనవడలేదట.
తిమ్మప్ప సొంత బామ్మర్ది
ముద్దాయిలను చూసిండు, తన చెప్పులను చూసుకున్నడు,
"యాదికి లేదు" అన్నడు.
ఆ నెలలనే ఆయనింటికి ట్రాక్టరొచ్చిందని
అటెండరు చెవిల చెప్పిండు. అది రికార్డుకెక్కదు.
పీపీ సారు హోస్టైల్ అంటడు, నేను హోస్టైల్ కొడత.
పోను పోను ఆ మాట
నా పేరు కొట్టినంత అలవాటైంది.

తొమ్మిదో సాక్షి ఊశమ్మ, గ్లాసులు కడిగేది.
బోనుల కొంగు నిండా కప్పుకొని నిలవడ్డది.
"బుగులైంది సారూ, పానం కండ్లల్లకొచ్చింది" అన్నది.
'సాక్షి భయభ్రాంతురాలైనది' అని చెప్పిండ్రు జడ్జి గారు.
అదే కొట్టిన.
బుగులు నా కుర్చీ కింద ఎక్కడనో పడిపోయింది.

అటు వకీలు లేచిండు:
"రిజిస్టర్ల నీ పేరే లేదు. ఆ రాత్రి నువ్వక్కడ లేవు."
"నా పేరు రిజిస్టర్ల ఏనాడుండె సారూ?"
"ఉన్నవనడానికి రుజువేంది మరి?"

ఆమె బొడ్లెసంచి విప్పింది.
తంబాకు, సున్నపు డబ్బి, పాత బస్సు టికెట్లు,
నడుమ నాలుగు మడతల చీటీ.
ఓనరు చేతిరాత, నీలం సిరా, కింద తారీఖు:
'రాత్రి పగిలినవి ఐదు గ్లాసులు.
ఊశమ్మ జీతంల కోత రెండు వందలు.'

తుపాకి నీళ్లట్యాంకుల దొరికింది, వేలిముద్రలు లేవు.
కెమెరా డబ్బా మాయమైంది.
ఆఖరికి నలుగురి దిక్కు నిలవడ్డది
ఒక ముసలామె కూలిల కోసుకున్న పైసలు.
జడ్జి గారు చీటీని కిటికి వెలుగుకు పట్టి చూసిండ్రు.
ఎగ్జిబిట్ పి-31 అన్నరు.
కొట్టిన.

కాల్చిన ఇద్దరికి యావజ్జీవం.
పొడి పంపినోడు, మూడో ముద్దాయి,
అనుమానం లాభం కింద కారెక్కి పోయిండు.

ఆ పొద్దు ఇంటికి పోయేసరికి
మా నాయన గోడ మీద లేని చీమలను ఏరుతున్నడు.
దాడులని వారం సంది కల్లుడిపో బందు.
నాలిక మడతపడుతుంది, చాయ గ్లాసు చేతుల నిలుస్తలేదు.
"డిపో ఎప్పుడు తెరుస్తరంట బిడ్డా,
నువ్వు కోర్టుల ఉంటవు, నీకు తెలుస్తది గద."
నలభై రెండు పేజీలు కొట్టిన వేళ్లతోటి
ఆ గ్లాసు పట్టుకొని తాగిపిచ్చిన.

ఊశమ్మ మళ్ల వచ్చింది.
తీర్పేందని అడగలేదు. చీటీ ఇయ్యమన్నది.
అప్పీలు తేలేదాక రాదమ్మా అన్న.
"అది లేకుంటే నా రెండు వందలు అడిగేదెట్ల?"
కిందికి పోయి జిరాక్సు తీపిచ్చిన.
అటు తిప్పి ఇటు తిప్పి చూసింది,
"నీలంది నల్లగైందేంది, ఇది చెల్లుతదా?"

చెల్లదు.
తడవకుండ పైలంగ పెట్టుకో అన్న.